అల్పపీడనం బంగాళాఖాతంలోదైతే వాననీరూ అక్కడిదేనా?

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే పత్రికల్లో, టీవీల్లో రోజూ కనిపించే వాక్యం ఒకటుంది: ‘బంగాళాఖాతంలో అల్పపీడనం, రాష్ట్రంలో భారీ వర్షాలు’. ఈమధ్య దీనికి ఇంకోటి తోడైంది. వాననీటిలో ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న పరమాణువులు) కొలిస్తే ఆ నీరు ఏ సముద్రంలో పుట్టిందో, ఆధార్ కార్డు చూసి ఊరు చెప్పినట్టు, చెప్పేయవచ్చని. విడివిడిగా చూస్తే రెంటిలోనూ ఎంతోకొంత నిజముంది. కలిపి చదివితే మాత్రం పాఠకుడు తప్పుదారి పడతాడు. ఈ కొలతలతో రోజూ పనిచేసేవాళ్లం కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాం. కాస్త పొడుగైనా దయచేసి ప్రచురించండి.

మొదట అల్పపీడనం సంగతి. అది నీళ్లు నింపుకొచ్చిన మూట కాదు, చుట్టుపక్కల గాలిని లాక్కునే సుడి. జులైలో ఒడిశా తీరం దగ్గర అల్పపీడనం ఏర్పడిందంటే దాని దక్షిణ వైపుకు పడమటి గాలులు బలంగా వచ్చి చేరతాయి. ఆ గాలులు దక్షిణ హిందూ మహాసముద్రంలో బయలుదేరి, సోమాలియా తీరం పక్కగా భూమధ్యరేఖ దాటి, అరేబియా సముద్రం మీద తేమ పట్టుకుని, పడమటి కనుమల మీద కొంత కుమ్మరించి, మహారాష్ట్ర, తెలంగాణ మీదుగా వచ్చినవి. దారిలో పొలాలు, అడవులు విడిచిన ఆవిరి కూడా వాటిలో కలుస్తుంది. అందుకే ఆదిలాబాద్‌లో ఆ రోజు పడ్డ వానలో రెండు సముద్రాలు, ఒక మహాసముద్రం, పక్క జిల్లా పత్తి చేలు అన్నీ ఉండవచ్చు. సుడి పుట్టిన చోటు వేరు, నీరు ఆవిరైన చోటు వేరు.

ఇక ఐసోటోపులు. సముద్రపు నీటిలో పది లక్షల ఆక్సిజన్ పరమాణువులు తీసుకుంటే దాదాపు 2,005 బరువైన ఆక్సిజన్-18. పది లక్షల హైడ్రోజన్లలో 156 దాకా డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్. నీరు ఆవిరయ్యేటప్పుడు ఈ బరువైన అణువులు కాస్త వెనకబడతాయి, ఆవిరి మళ్లీ చినుకయ్యేటప్పుడు ముందుగా దిగిపోతాయి. విషయమంతా ఇంతే. అంతర్జాతీయ కొలమానమైన వియన్నా ప్రామాణిక సముద్రజలాన్ని సున్నా అనుకుని, దానికంటే వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెబుతాం. ఆ లెక్కను పర్మిల్ అంటాం. వాననీటికి ఇది మామూలుగా మైనస్‌లోనే వస్తుంది.

అసలు చిక్కు ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో చూడండి. వెచ్చటి సముద్రం మీద లేచిన ఆవిరిలో ఆక్సిజన్-18 విలువ −11 అనుకుందాం. 25 డిగ్రీల దగ్గర ఆవిరి, చినుకు మధ్య తేడా సుమారు 9.4 పర్మిల్. కాబట్టి ఆ ఆవిరి నుంచి పడే తొలి చినుకు −1.7 ఉంటుంది. అదే గాలి దారిలో తన తేమలో సగం వానగా వదిలేశాక పడే చినుకు −8.2కు దిగుతుంది. ముప్పాతిక వదిలేశాక పడేది −14.6. ఆవిరి ఒకటే, సముద్రమూ ఒకటే, చినుకులో తేడా మాత్రం 13 పర్మిల్.

దీని పక్కన సముద్రాల మధ్య తేడా పెట్టి చూడండి. అరేబియా సముద్రపు పైనీరు ఉప్పెక్కువ, దాని విలువ సున్నాకు కాస్త పైన ఉంటుంది. ఉత్తర బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర మంచినీరు తెచ్చి పోస్తాయి కాబట్టి అక్కడి పైనీరు సున్నాకు కిందికి దిగుతుంది. రెంటి మధ్య తేడా పెద్దగా చూస్తే ఒకటి రెండు పర్మిల్. దారిలో కురిసిన వాన వల్ల వచ్చే ఆరేడు పర్మిల్ తేడా కింద ఈ ఒకటీ రెండూ ఎక్కడో మరుగున పడిపోతాయి. కాబట్టి −9 అని కాగితం మీద చూసి ‘ఇది బంగాళాఖాతం నీరే’ అని తేల్చడం కుదరదు. అది బంగాళాఖాతందే కావచ్చు, కనుమల మీద బాగా కురిసి వచ్చిన అరేబియాదీ కావచ్చు. ఒక్క ఆక్సిజన్ విలువ చెప్పేది పుట్టిన ఊరి పేరు కాదు, ప్రయాణంలో ఎంత ఖర్చయిందన్న లెక్క.

మరి పుట్టిన చోటు గురించి ఏమీ చెప్పదా? కొంత చెబుతుంది, రెండో ఐసోటోపును కూడా కొలిస్తే. 1961లో హార్మన్ క్రెయిగ్ ప్రపంచవ్యాప్తంగా వానలు, నదుల నీళ్లు చూసి డ్యుటీరియం విలువ ఆక్సిజన్ విలువకు ఎనిమిది రెట్లు, పైన పది అని గీత గీశాడు. 1964లో విల్లీ డాన్స్‌గార్డ్ ఆ పదికే డ్యుటీరియం ఎక్సెస్ అని పేరు పెట్టాడు, మేం డి-ఎక్సెస్ అంటాం. డ్యుటీరియం విలువలోంచి ఆక్సిజన్ విలువకు ఎనిమిది రెట్లు తీసేస్తే మిగిలేదే అది. సముద్రం మీద గాలి తేమగా ఉంటే పది దగ్గర, పొడిగా ఉంటే అంతకంటే ఎక్కువ వస్తుంది. తూర్పు మధ్యధరా ప్రాంతంలో ఇది 22 దాకా ఉంటుంది. చలికాలంలో పడమటి నుంచి వచ్చే అలజడుల వల్ల కాశ్మీరులో పడే మంచును రుతుపవనాల వాన నుంచి వేరుచేయగలగడం ఈ తేడా వల్లనే. అక్కడ మూలాలు రెండూ అంత దూరం. మన దగ్గర జులైలో రెండు సముద్రాల మీదా గాలి తడిగానే ఉంటుంది, తేడా సన్నం. పైగా తడి నేల, చెరువుల నుంచి లేచిన ఆవిరి దాన్ని పెంచుతుంది, మేఘం కింద పొడిగాలిలో చినుకు సగం ఎండిపోతే తగ్గుతుంది. అనంతపురం లాంటి వర్షచ్ఛాయ ప్రాంతంలో జూన్ చిరుజల్లు డి-ఎక్సెస్ పది కంటే బాగా కిందికి పోయిందంటే కారణం సముద్రంలో కాదు, మేఘానికీ నేలకూ మధ్య ఉందని ముందు అనుకోవాలి.

ఇంత సన్నటి తేడాలు పట్టుకోవాలంటే నమూనా తీయడంలోనే జాగ్రత్త ఉండాలి. ఎంతో ఖరీదైన యంత్రం గురించి అందరూ అడుగుతారు, ఐదు రూపాయల మూత గురించి ఎవరూ అడగరు. మా అనుభవంలో పాడైన నమూనాల్లో ఎక్కువ భాగం మూత దగ్గరే పాడైనవి.

ఉదాహరణకు డాబా మీద బకెట్ పెట్టి వాన పట్టి, మర్నాడు మధ్యాహ్నం సీసాలో పోశారనుకోండి. పడ్డప్పుడు ఆక్సిజన్ −5, డ్యుటీరియం −30, డి-ఎక్సెస్ పది. ఎండకు కొంత ఆవిరై ఆక్సిజన్ −3కు ఎక్కితే, నిలువ నీరు ఎనిమిది వాలులో (ఆక్సిజన్ ఒకటి పెరిగితే డ్యుటీరియం ఎనిమిది పెరగడం) కాక ఐదు దగ్గరి వాలులో కదులుతుంది కాబట్టి డ్యుటీరియం −20కి మాత్రమే చేరుతుంది. డి-ఎక్సెస్ నాలుగుకు పడిపోతుంది. ఆ నాలుగును చూసి మూలం మారిందని పేపరు రాస్తే నవ్వులపాలే. 40 మిల్లీమీటర్ల వానకు డి-ఎక్సెస్ రెండో మూడో వస్తే ఆకాశాన్ని కాదు, ముందు సీసాను అనుమానించాలి.

సరిగా చేసే పద్ధతి కష్టమేమీ కాదు. వాతావరణ శాఖ వాడే చేతి వర్షమాపకం మూతి 200 చదరపు సెంటీమీటర్లు, అంటే దాదాపు 16 సెంటీమీటర్ల వ్యాసం. దానిలో ఒక మిల్లీమీటరు వానకు 20 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. మనకు కావలసింది 50 మిల్లీలీటర్ల సీసా నిండుగా. అంటే రెండున్నర మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ ‘వాన పడిన రోజు’ అని లెక్కించే హద్దు కూడా సరిగ్గా అదే, కలిసొచ్చిందనే చెప్పాలి. పొద్దున ఎనిమిదిన్నరకు వర్షపాతం కొలిచే మనిషే, కొలిచిన వెంటనే ఆ నీటిని చిన్న సీసాలో నింపి మూత బిగించేస్తే సగం పని అయినట్టే. గరాటు మెడలో టేబుల్ టెన్నిస్ బంతి ఒకటి వేసి ఉంచితే వాన పడుతున్నప్పుడు తేలుతుంది, ఆగాక మెడకు కూర్చుని ఆవిరిని ఆపుతుంది. ఎండాకు, పురుగు లోపలికి పోవు.

నెలకోసారి తీసే పద్ధతిలో అడుగున పెద్ద డబ్బా, దానిలో అడుగు దాకా దిగే సన్నటి గొట్టం ఉండాలి. గొట్టం కొస నీటిలో మునిగి ఉంటే బయటి గాలికి తగిలేది గొట్టం వెడల్పంత నీరు మాత్రమే. డబ్బాలోని గాలి బయటికి పోవడానికి పొడవాటి సన్న గొట్టాన్ని చుట్టలా చుట్టి పెట్టాలి. అది మరిచిపోతే నీరు గరాటులోనే నిలిచి పొర్లిపోతుంది. నెలకు 300 మిల్లీమీటర్లు పడితే ఆరు లీటర్లు వస్తుందని డబ్బా కొనేటప్పుడే లెక్క వేసుకోవాలి. నీటి మీద అర సెంటీమీటరు పారాఫిన్ నూనె పోసే పాత పద్ధతి కూడా ఉంది. మేం వద్దంటాం. సూదితో అడుగు నుంచి ఎంత జాగ్రత్తగా తీసినా నూనె చుక్క వెంట వస్తుంది, లేజర్ యంత్రానికి అది పడదు.

సీసా దళసరి ప్లాస్టిక్‌ది, లోపలి మూత, పైమూత రెండూ ఉన్నది కావాలి. పలుచటి మినరల్ వాటర్ సీసా నెలల నిలువకు పనికిరాదు. పొడిగా ఉండాలి: కడిగిన సీసాలో ఒక మిల్లీలీటరు కుళాయి నీరు మిగిలి, దానికీ వానకూ ఐదు పర్మిల్ తేడా ఉంటే 50 మిల్లీలీటర్ల నమూనా పదోవంతు పర్మిల్ జరుగుతుంది. యంత్రం ఖచ్చితత్వమే అంత. అంచు దాకా నింపాలి, గాలి ఖాళీ ఉంచకూడదు. అంచు దాకా నింపాక డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, పగులుతుంది. చల్లగా, నీడన ఉంటే చాలు. ఆమ్లం, క్లోరిన్ లాంటివేవీ కలపక్కర్లేదు. మట్టి ఉంటేనే 0.45 మైక్రాన్ల వడపోత. పెన్సిల్‌తోనో, తడికి చెరగని మార్కర్‌తోనో ఊరు, తేదీ, మిల్లీమీటర్లు సీసా ఒంటి మీదే రాయాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. ఇంకో చిట్కా: నింపిన రోజే సీసా బరువు తూచి రాసి పెట్టుకోండి. కొలిచే రోజు మళ్లీ తూస్తే ఎంత నీరు తప్పించుకుందో తెలిసిపోతుంది.

ప్రయోగశాలలో సంగతి క్లుప్తంగా. లేజర్ యంత్రంలో రెండు మైక్రోలీటర్ల నీరు సూదితో 110 డిగ్రీల వేడి గదిలోకి పోయి ఆవిరవుతుంది. ఒక్కో ఇంజెక్షన్‌కు తొమ్మిది నిమిషాలు. ఒక్కో నమూనాకు కనీసం ఏడు వేసి, మొదటి మూడో నాలుగో పారేయాలి. ముందు నమూనా ఛాయలు యంత్రంలో ఉండిపోతాయి కాబట్టి. తుపాను వాన −15 తర్వాత చిరుజల్లు −1 పెట్టి, మొదటి ఇంజెక్షన్ నమ్ముకున్నవాడు మోసపోతాడు. మన నమూనాలకు పైనా కిందా విలువలున్న రెండు ప్రమాణ జలాలు (విలువ ముందే తెలిసిన నీళ్లు) ఉండాలి, మూడోది పరీక్షకు. కుళ్లిన ఆకు నీటిలో మిగిలిన మిథనాల్ లాంటివి లేజర్ లెక్కను తప్పిస్తాయి. అందుకే పైన బంతి సంగతి అంతగా చెప్పాం.

తర్వాత సగటు. 62 మిల్లీమీటర్ల వాన −9.1, 14 మిల్లీమీటర్లది −4.0, 4 మిల్లీమీటర్ల జల్లు −1.2 అనుకోండి. మూడూ కూడి మూడుతో భాగిస్తే −4.8. వాన పరిమాణంతో తూచి తీస్తే −7.8. నేలలోకి ఇంకేది రెండోదాని ప్రకారమే. మొదటి సగటు వేసిన ప్రాజెక్టు రిపోర్టులు ఇప్పటికీ కనిపిస్తుంటాయి, అదొక బాధ.

గాలి దారి తెలుసుకోవడానికి అమెరికా వాతావరణ సంస్థ నోవా వారి హైస్ప్లిట్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. నేల నుంచి 500, 1500, 3000 మీటర్ల ఎత్తుల్లో వెనక్కి గీతలు గీయించవచ్చు. మూడు ఎత్తుల్లో మూడు దారులు వస్తే కంగారు పడకండి, నిజంగానే గాలి అలాగే వస్తుంది. గీత సముద్రం మీదుగా పోయినంత మాత్రాన అక్కడ తేమ ఎక్కినట్టు కాదు. గీత వెంబడి గాలిలో తేమ పరిమాణం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది చూడాలి. పెరిగిన చోటు మూలం, తగ్గిన చోటు దారిలో కురిసిన వాన. ఈ రెండో లెక్క, సీసాలో కొలిచిన ఆక్సిజన్ విలువ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినప్పుడే మూలం గురించి నోరు విప్పాలి. సీసా ఒక్కటీ, గీత ఒక్కటీ చాలవు.

ఇదంతా ఎందుకని అడిగేవారికి నెల్లూరు, తిరుపతి జిల్లాల బావులను చూపిస్తాం. అక్కడ నైరుతి, ఈశాన్యం రెండు కాలాల వానా పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వాయుగుండాలు, తుపానుల నీటిలో బరువైన ఐసోటోపులు బాగా తక్కువ. సుడి పొడవునా ఎడతెగకుండా కురుస్తూ వస్తుంది కాబట్టి. ఈ తేడాతో బావిలో నీరు ఏ కాలపుదో లెక్క కట్టవచ్చు. లెక్క కోసం నైరుతి సగటు −4, ఈశాన్యం సగటు −8 అనుకుందాం. చెరువు కింద ఒక బావిలో ఆక్సిజన్ −2, డ్యుటీరియం −18 వచ్చింది. −2 చూసి ‘పూర్తిగా నైరుతి నీరే’ అనేస్తారు. కానీ డి-ఎక్సెస్ మైనస్ రెండు! అంటే చెరువులో ఎండకు మాగిన నీరు. ఐదు వాలుతో వెనక్కి నడిపిస్తే అది క్రెయిగ్ గీతను −6, −38 దగ్గర తాకుతుంది. అసలు వాన −6, అంటే రెండు కాలాలూ సగం సగం. తుపాను నీటిని చెరువుల్లో నిలపడం మీద ఖర్చు పెట్టాలా వద్దా అన్న చోట ఈ రెండు జవాబుల మధ్య తేడా తక్కువేమీ కాదు. ఆ ఐదు వాలు కూడా పుస్తకంలోంచి తీసుకోకూడదు. జనవరి నుంచి మే దాకా అదే చెరువు నీటిని నెలనెలా కొలిస్తే అక్కడి వాలు తెలుస్తుంది. కృష్ణా, గోదావరి ఆయకట్టులో అయితే మూడో చేయి కలుస్తుంది: మహాబలేశ్వరం, త్ర్యంబకేశ్వరం వైపు కురిసిన వాన కాలువల్లో వచ్చి బావుల్లో ఇంకుతుంది.

పాత కాలపు వానలు చదివే వారికీ ఇదే తలనొప్పి. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహలో సున్నపు స్తంభాల ఆక్సిజన్ విలువలు కొలిచి వేల ఏళ్ల కిందటి రుతుపవనాలను చదివారు. అక్కడ విలువ తగ్గితే వాన పెరిగిందనాలా, తేమ దారి మారిందనాలా అన్న వాదం తేలాలంటే, ఇప్పుడు పడుతున్న వానలో ఆ రెండూ ఎలా విడివడతాయో ముందు తెలియాలి.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ 1961 నుంచి నెలవారీ వాన నమూనాల రికార్డు నడుపుతున్నాయి. న్యూఢిల్లీకి అందులో చాలా పొడుగైన రికార్డుంది. నెలవారీ సీసాలో తుపానూ చిరుజల్లూ కలిసిపోతాయి. మూలం తెలియాలంటే రోజువారీ సీసాలే కావాలి. మండలాల్లో ఇప్పుడున్న ఆటోమేటిక్ వర్షమాపకాలు చిన్న బకెట్ అటూ ఇటూ వంగడం లెక్కబెట్టి నీటిని నేల మీద పారబోస్తాయి. లెక్క మిగులుతుంది, నీరు పోతుంది. కాబట్టి చేతి మాపకం, దాని దగ్గర ఒక మనిషి తప్పదు.

మా విన్నపం ఇది. పడమటి నుంచి తూర్పుకు మహబూబ్‌నగర్, హైదరాబాద్, వరంగల్, భద్రాచలం; ఆంధ్రలో అనంతపురం, నెల్లూరు, విశాఖ, ఎత్తు ప్రభావం తెలియడానికి అరకు. ఎనిమిది చోట్ల వరుసగా మూడేళ్లు రోజువారీ నమూనాలు తీయించండి. ఒక్కో చోట ఏడాదికి 50 వానరోజులనుకున్నా 400 సీసాలు. ప్రమాణ జలాలతో కలిపి రోజుకు 18 నమూనాలు కొలిచినా యంత్రానికి మూడు వారాల పైచిలుకు పని. డిగ్రీ కళాశాలల భౌతిక, రసాయన శాఖలు, అక్కడి విద్యార్థులు చేయగలిగిన పనే. ఐసోటోపులు కొలిచే ప్రయోగశాల హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు ఉంది.

సీసాలు మే నెలలోపే తెప్పించుకోవాలి, జూన్ తొలకరి జల్లులను వదిలేస్తే సీజన్ మొదలు తెలియదు. అంతకంటే తరచుగా జరిగే పొరపాటు ఇంకోటుంది. సెప్టెంబరు 30తో వానాకాలం అయిపోయిందని గరాటు కడిగి బీరువాలో పెట్టేస్తారు. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా పడేది ఆ తర్వాతే. గరాటు డిసెంబరు 31 దాకా బయటే ఉండాలి.

ఇట్లు,
వాననీటి ఐసోటోపుల కొలతపై పనిచేస్తున్న కొందరం,
హైదరాబాద్